పగలని గాజు

భయస్తుల్లో రెండు రకాలు. అరిచి గోల చేసి పదిమందినీ పోగుచేసే రకం ఒకటి, నోరు నొక్కుకుని మూల వెతుక్కునే రకం ఇంకొకటి. ఈ కథలో పిల్లది రెండో రకం. యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో పొడుగాటి చదువుల హాలు ఉంది. ఆ హాల్లో అన్నిటికంటే చివరి బల్ల, గోడ పక్క కుర్చీ ఆమెది. అక్కడ కూర్చుంటే తలుపు తోసుకుని వచ్చేవాళ్లకు కనబడదు. ముందు పుస్తకం తెరిచే ఉండేది గానీ, పేజీ తిరిగి ఎన్నాళ్లయిందో ఆ పుస్తకమే చెప్పాలి.

భయానికి కారణం లేకపోలేదు. ఆ యూనివర్సిటీలో మొదట్లో అందరూ అన్నీ తలా కాస్త చదువుతారు. రెండో ఏడాది సగానికి వచ్చేసరికి ఎవరి విభాగం వాళ్లు ఎంచుకుని వెళ్లిపోవాలి. తోటివాళ్లంతా వెళ్లిపోయారు. ఒకడికి చిన్నప్పటినుంచీ యంత్రాలంటే ప్రాణమట, ఒకమ్మాయికి జబ్బుల మీద పరిశోధన చేయాలని కలట. ఈమెకు అలాంటి కల ఒక్కటీ రాలేదు. ఏ తరగతిలో కూర్చున్నా పక్కింటివాళ్ల మాటలు గోడ అవతలి నుంచి విన్నట్టే ఉండేది. "నెలాఖరులోగా చెప్పకపోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసేస్తాం. ఏదో ఒకటి చెప్పమ్మా, జీవితఖైదేం కాదు కదా," అన్నాడు ఆఫీసు గుమస్తా. ఆమెకు మాత్రం అచ్చం జీవితఖైదులాగే ఉంది. పైగా ఏ జైలో కూడా తనే చెప్పాలి.

నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న.

"ఏం తేల్చుకున్నావు తల్లీ?"

"ఆలోచిస్తున్నా నాన్నా."

"ఆలోచించు, ఆలోచించు. నీకేంటమ్మా, అన్నీ అడిగి తెలుసుకునే పిల్లవి."

ఆ మాట వినగానే ఆమె ఏదో వంక చెప్పి ఫోన్ పెట్టేసేది. ఒకప్పుడు అడిగేది, నిజమే. వాన పడితే మట్టి వాసన ఎందుకొస్తుంది, తాళంచెవి ఒకవైపే ఎందుకు తిరుగుతుంది, నిచ్చెన గోడకి నిలువుగా ఆనిస్తే ఎందుకు పడిపోతుంది అని పొద్దస్తమానం పెద్దవాళ్ల ప్రాణం తీసేది. ఆమెకు "ఎందుకమ్మ" అని పేరు పెట్టింది బాబాయే. కానీ యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో ఒక లెక్చరరు, "దీనికోసం చెయ్యెత్తావా? పాపం, ఆ చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో!" అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. ఆరోజు దించిన చెయ్యి మళ్లీ లేవలేదు. అడగడం మానేసిన మనిషికి ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? తెలియలేదు. ఎందుకమ్మ కాస్తా నోట్లో నాలుక లేనిదైపోయింది.

బాబాయి ఆ యూనివర్సిటీలోనే మరమ్మతుల సూపర్వైజరు. ఆమె ఉండేదీ, తినేదీ బాబాయి ఇంట్లోనే. "పిల్లను హాస్టల్లో ఎందుకన్నయ్యా, నేను చచ్చానా?" అని తన అన్న దగ్గర పోట్లాడి మరీ తెచ్చుకున్నాడు. మంచి మనిషి, కాకపోతే బాగుచేసే పిచ్చి. విరిగింది విరిగినట్టు, కారేది కారుతున్నట్టు ఒక్క పూట ఉంటే ఆయనకు ముద్ద దిగదు. ఆ యూనివర్సిటీలో ఏ తలుపూ కిర్రుమనదు, ఏ కుళాయీ బొట్లు రాల్చదు. అది ఎవరి చలవో అక్కడ చదువుకునే పిల్లలకు తెలియదు. తెలియనక్కర్లేదని ఆయన అనుకునేవాడు. ఎవరి కంటా పడకపోతేనే పని బాగా జరుగుతున్నట్టు లెక్క అనేవాడు.

ఒక మధ్యాహ్నం, పుస్తకంలోకి చూడలేక పక్కకు చూస్తే, ఆమెకు గోడ మీద ఒక గాజు ముక్క కనిపించింది.

కనిపించడం కొత్త కాదు. రోజూ భుజం పక్కనే ఉండేది. చూడటం మాత్రం అప్పుడే. వేలెడంత పొడుగు, కిటికీ అద్దంలోంచి కోసినట్టున్న పల్చటి పట్టీ. పైకప్పు నుంచి దిగిన సన్నటి బీటకు అడ్డంగా, రెండు కొసల్లో రెండు తెల్లటి ప్లాస్టర్ ముద్దలతో అంటించి ఉంది. బీటను కప్పడానికైతే మొత్తం పూడ్చేస్తారు కదా. అందానికా అంటే అందంగా లేదు. గోడకి గాజు ఎందుకు?

చాలా కాలం తర్వాత ఆమె లోపల ఏదో కదిలింది. వెంటనే భయమూ వేసింది. అడిగితే నవ్వుతారేమో.

రెండు రోజులు మింగుకుని, మూడో రోజు లైబ్రేరియన్‌ని అడిగింది. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "నేను వచ్చినప్పటినుంచీ ఉంది. ముట్టుకోకు," అన్నాడు. అది జవాబు కాదు, తలుపు వేసేయడం. రాత్రి భోజనాల దగ్గర బాబాయిని అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"వచ్చావూ, మా ఎందుకమ్మ మళ్లీ వచ్చింది! ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే? అది తనిఖీవాళ్ల గాజు. ఏడాదికోసారి ఇంజనీర్లు వచ్చి చూసి పోతారు. ఉండాలంతే. నీకు గోడతో పనేంటి, పుస్తకం చూసుకో."

ఉండాలంతే అన్నది ఎవరికైనా సరిపోతుందేమో గానీ ఆమెకు సరిపోలేదు. పుస్తకంలో ఏ వాక్యం చదివినా మధ్యలో ఆ గాజే అడ్డం వచ్చేది. చివరికి, గుండె చిక్కబట్టుకుని, కట్టడాల విభాగానికి వెళ్లింది. అక్కడ ఒక పెద్ద షెడ్డులో దూలాల మీద బరువులు పెట్టి విరగ్గొట్టి చూస్తుంటారు. ఆ షెడ్డును ఏలే ప్రొఫెసరమ్మను పిల్లలు "ఇనుప మేడమ్" అంటారు. నవ్వదు, కరగదు అని. ఆమె ముందు నిలబడేసరికి ఈమె నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా గోడకి గాజు ఎందుకన్న ప్రశ్న ఎలాగో బయటపడింది.

ఇనుప మేడమ్ నవ్వలేదు. ఆ నవ్వకపోవడం ఎంత గొప్ప సంగతో ఈమెకే తెలుసు.

"మంచి ప్రశ్న. కూర్చో. గాజు సాగుతుందా?"

"సాగదు మేడమ్."

"వంగుతుందా?"

"పగులుతుంది."

"అంతే. గోడలో బీట ఉంది. అది పాతదై నిద్రపోతోందా, ఇంకా విచ్చుకుంటోందా? కంటితో చూస్తే తెలియదు, వెంట్రుకవాసి కదులుతుంది మరి. అందుకని అడ్డంగా గాజు అంటిస్తాం. గోడ కదిలిందో, గాజు పగులుతుంది. ఇప్పుడు కొత్త పరికరాలొచ్చాయి, పాత కట్టడాల్లో ఇంకా గాజే. మీ హాల్లోది పగిలిందా?"

"లేదు మేడమ్, నిక్షేపంలా ఉంది."

"అయితే నిశ్చింతగా చదువుకో. పగిలితే మాత్రం పరుగెత్తుకొచ్చి చెప్పు."

ఆ సాయంత్రం ఆమె గాల్లో తేలుతూ హాలుకి వచ్చింది. ఒక ప్రశ్న అడిగింది, జవాబు దొరికింది, ఎవరూ నవ్వలేదు. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషమా అనుకోకండి. ఆకలిగా ఉన్నవాడికి గంజి చుక్క కూడా విందే. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, తన గాజును ఆప్యాయంగా చూసుకుంది.

చూస్తూ చూస్తూ ఉండగా ఆ ఆప్యాయత చల్లబడింది.

ఆ గోడ మీద ప్రతిదానికీ దుమ్ము పట్టి ఉంది. స్విచ్చుల మీద, పటాల మీద, అడుగునున్న గచ్చుపట్టీ మీద. గాజు మీద లేదు. ప్లాస్టర్ ముద్దలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఏళ్లనాటి ముద్దలు అంత తెల్లగా ఉంటాయా? ముఖం గోడకు దగ్గరగా పెట్టింది. రంగు కింద చిన్న చిన్న బుడిపెలు. బీటకు ఇటొకటి, అటొకటి. వాటికి కాస్త పైన ఇంకో జత, కాస్త కింద మరో జత. గీకేసి రంగు పూసిన పాత ముద్దల మచ్చలవి. అలాంటి జతలు పైకప్పుదాకా ఉన్నాయి. వేలితో తడుముతూ అందినంతవరకు లెక్కపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి స్టోరుకి వెళ్లింది. రంగుల వాసన, నూనె వాసన. మేకులు మేకుల డబ్బాలో, మరలు మరల డబ్బాలో. ఏ డబ్బాలో ఏముందో బాబాయి కళ్లు మూసుకుని చెప్పగలడు.

"బాబాయ్, హాల్లో గాజు ఎప్పుడైనా పగిలిందా?"

"పగలకేం? గాజన్నాక పగులుతుంది." ఆయన అరలోంచి ఒక అట్టపెట్టె దించాడు. లోపల మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద వరసగా గాజు పట్టీలు. "ఇవి చూడు. పగిలిన కిటికీ అద్దాల్లోంచి నేనే కోశాను. పిల్లల చేతులు తెగకుండా అంచులు కూడా అరగదీశాను. ఇలా పగిలిందని తెలియగానే అలా వెళ్లి మార్చేస్తాను. నా ముందున్న సూపర్వైజరు పోతూ పోతూ ఒక్కటే చెప్పాడు, ఆ గోడ మీద గాజు లేకపోతే తనిఖీవాళ్లు ఊరుకోరని. ఇన్నేళ్లలో పగిలిన గాజు తనిఖీవాళ్ల కంటపడనిచ్చానా?"

ఆయన ముఖంలో ఎంత గర్వమో. ఆమెకు ముచ్చెమటలు పోశాయి.

"ఎన్నిసార్లు మార్చావు?"

"లెక్కెవరు పెట్టారే? మొదట్లో ఏడాదికోసారి మారిస్తే గొప్ప. ఈ మధ్య మరీ నాసిరకం గాజు వస్తోంది. వారం తిరక్కుండానే పగిలి కూర్చుంటోంది."

పైన ఏముందో ఆమెకు తెలుసు. హాలు మీది అంతస్తంతా పుస్తకాల అరలే. అవతలి పాత భవనం ఖాళీ చేసినప్పుడు అక్కడి పుస్తకాలన్నీ తెచ్చి పైనే సర్దారు. కింద, పరీక్షల ముందు రోజులు కాబట్టి, ఒక్క కుర్చీ ఖాళీ ఉండటంలేదు. స్టోరు గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయికి అంతా చెప్పింది. ఇనుప మేడమ్ చెప్పింది చెప్పినట్టు, మాటలు తడబడుతూ, మధ్యలో నీళ్లు తాగుతూ. ఆయన మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"అంటే ఇన్నేళ్లూ ఆ గోడ నోరు నేను నొక్కేశానంటావు."

"అలా అనలేదు బాబాయ్."

"ఇంకెలా అన్నావు? ఇంజనీర్లు చూసి బాగుందన్నారు. వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

"వాళ్లు చూసింది నువ్వు మార్చిన గాజు."

వంటగది గుమ్మంలోంచి పిన్ని అందుకుంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనమ్మా. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. ఒక్క మాట పడకుండా ఇన్నాళ్లు చేశాడు. ఇప్పుడు నువ్వొచ్చి ఆయన నెత్తిన ఇంత మచ్చ పెడతావా?"

ఆ మాట గుండెలో దిగబడింది. బాబాయి పిన్నిని కసిరాడు, కానీ పిల్లవైపు చూడలేదు. "ఆ మేడమ్‌కి చెప్పావా?" అని అడిగాడు.

"ఇంకా లేదు."

"చెప్పకు. పరీక్షలు కానీ. సెలవుల్లో నేనే ఎవరినైనా పిలిపించి చూపిస్తా."

ఆ మాట చెబుతూ ఆయన చేతిలో గ్లాసు రెండుసార్లు కింద పెట్టి రెండుసార్లు తీశాడు. బాబాయికి కూడా భయం వేసిందని ఆమెకు అప్పుడు తెలిసింది. తన భయం తనకు అలవాటే. పెద్దవాళ్ల భయం చూసేసరికి కాళ్ల కింద నేల లేనట్టయింది.

పొద్దున్నే షెడ్డుదాకా వెళ్లింది. లోపల ఇనుప మేడమ్ గొంతు వినిపిస్తోంది. తలుపు మీద చెయ్యి వేసింది. ఆ తలుపు నెడితే బాబాయి ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, ఇన్నాళ్ల మంచి పేరు ఒక్క పూటలో బూడిదవుతుంది. పోట్లాడి తెచ్చుకుని పెంచుకుంటున్న మనిషిని తన చేత్తో తనే తోసేసినట్టవుతుంది. నెట్టకపోతే? ఆ హాల్లో తలలు వంచుకుని కూర్చున్న పిల్లలు గుర్తొచ్చారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, లోపలివాళ్లకు వినబడుతుందేమోనని చెయ్యి తీసేసింది. వెనక్కి తిరిగి వచ్చేసింది. పిరికితనమే. దానికి వేరే పేరు లేదు.

వచ్చి ఎక్కడ కూర్చుందనుకున్నారు? అదే హాల్లో, అదే కుర్చీలో. తను బయట ఉండి మిగతావాళ్లు లోపల ఉండటం ఆమె భరించలేకపోయింది. తను కూడా లోపల ఉంటే ఎవరికి ఏం లాభమో ఆమెనే అడగాలి. భయంలో ఉన్న మనిషి తర్కం అలాగే ఉంటుంది. హాలు కిటకిటలాడుతోంది. పేజీల చప్పుడు, ఎవరిదో దగ్గు. పైన ఎవరో పుస్తకాల బండి తోసుకుంటూ పోతున్నారు. ఆ చక్రాలు నెత్తి మీదుగా వెళుతున్న కొద్దీ ఆమె మెడ భుజాల్లోకి కుంచించుకుపోయింది. బండి గోడ దాకా వచ్చి ఆగింది.

టిక్.

చిన్న చప్పుడు. పెన్సిలు మొన విరిగినంత. ఎవరూ తల ఎత్తలేదు. గాజు ఆమె కళ్ల ముందే రెండు ముక్కలైంది.

లేవబోయింది, కాళ్లు ఆడలేదు. అరవబోయింది, గొంతు రాలేదు. చెయ్యెత్తి గోడవైపు చూపించగలిగింది, అంతే. బల్లల మధ్య గస్తీ తిరుగుతున్న లైబ్రేరియన్ చూశాడు. "మళ్లీనా! మొన్ననేగా మార్చారు," అని విసుక్కుంటూ వెళ్లి ఫోన్ చేశాడు. ఎవరికి చేస్తాడు? బాబాయికే.

బాబాయి చేతిసంచీతో వచ్చాడు. ఆమెను చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత సంచీలోంచి ప్లాస్టరూ, చిన్న ఉలీ, గుడ్డలో చుట్టిన కొత్త గాజూ తీశాడు. ఆమె ఎలా లేచిందో ఆమెకే తెలియదు, వెళ్లి ఆయనకూ గోడకూ మధ్య నిలబడింది. ఆ హాల్లో మాట్లాడకూడదు కాబట్టి, పోట్లాట మొత్తం గుసగుసల్లోనే జరిగింది.

"తప్పుకో అమ్మాయ్."

"మార్చొద్దు బాబాయ్."

"అందరూ చూస్తున్నారు. పరువు తీయకు."

"ఇవాళ్టికి అలాగే ఉండనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"సెలవుల్లో చూపిస్తానన్నానా లేదా?" ఆయన గొంతులో కోపం కంటే బతిమాలుకోవడమే ఎక్కువుంది. ఆమెను మెల్లగా పక్కకు జరిపి ఉలి ఎత్తాడు.

అప్పుడు ఆమెకు భయంలోనే ఒక ప్రశ్న తట్టింది. పెద్దదేం కాదు, చిన్నప్పుడు అడిగేలాంటిదే.

"బాబాయ్, నాసిరకమై పగిలితే గాజు రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి కదా. మరి వీటి మధ్య సందు ఎందుకుంది?"

ఆయన ఉలి ఆగింది.

పట్టించుకోకపోదామని చూశాడు. కానీ చేతిపని తెలిసిన మనిషి, చూడకుండా ఉండలేకపోయాడు. నిజమే, రెండు ముక్కల మధ్య సందుంది. ఆయన బొటనవేలి గోరు అందులో పెట్టాడు. గోరు పట్టింది. అంతే కాదు, కుడివైపు ముక్క ఎడమవైపుదాని కంటే కొంచెం కిందికి దిగి ఉంది. మొన్ననే తన చేత్తో తిన్నగా, ఒకే ముక్కగా అంటించిన గాజు అది. నాసిరకం గాజు పగలగలదు గానీ, పగిలాక దూరం జరగదు. దాన్ని పట్టుకున్న గోడ జరగాలి. గోరు అందులోనే పెట్టి ఆయన అలా ఉండిపోయాడు.

మెల్లగా ఉలి సంచీలో పెట్టాడు. పక్కనున్న కుర్చీ లాగి, దాని మీదికెక్కాడు. ఇన్నేళ్లలో ఆ హాల్లో ఒక్కసారి కూడా గొంతెత్తని మనిషి, ఎవరి కంటా పడకపోవడమే గొప్ప అనుకునే మనిషి, హాలు దద్దరిల్లేలా అరిచాడు.

"అందరూ లేవండి! పుస్తకాలు వదిలేయండి! బయటికి నడవండి!"

"ష్!" అన్నాడు లైబ్రేరియన్ అలవాటు కొద్దీ.

"ష్ లేదు గిష్ లేదు! పైనున్నవాళ్లని కూడా దింపండి! ముందు వాళ్లని దింపండి!"

పిల్లలు మొదట బిత్తరపోయారు, తర్వాత విసుక్కున్నారు. రేపు పరీక్ష పెట్టుకుని ఇదేం గోల అని ఒకడు కదలనన్నాడు. ఎందుకమ్మ వాడి కుర్చీ పట్టుకుని వెనక్కి లాగేసింది. "గోడ కదులుతోంది, లే!" అని వాడి చెవిలో అరిచింది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. బాబాయి తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి భుజం తడుతూ బయటికి పంపించాడు. చివరి మనిషి దాటాక ఆమె వైపు తిరిగి, "వెళ్లు. మీ మేడమ్‌ని పిలుచుకురా. పరిగెత్తు," అన్నాడు.

ఇనుప మేడమ్ నిచ్చెనా, టార్చీ పట్టించుకుని వచ్చింది. ఎవరినీ లోపలికి రానివ్వకుండా గోడ పైభాగాన పూత రాలగొట్టించి చూసింది. పై అంతస్తును మోసే దూలం కొస గోడలోపల బాగా లోతుకి దూరి కూర్చోవాలి. అది ఏళ్ల తరబడి మెల్లమెల్లగా బయటికి జారి, ఇప్పుడు బొటనవేలంత మేర మాత్రమే ఆనుకుని ఉంది. మేడమ్ నిచ్చెన దిగి వచ్చింది. బయటికి రాగానే గుమిగూడినవాళ్లందరినీ ఇంకా దూరం జరగమంది.

"ఇంకెన్నాళ్లు ఆగేది మేడమ్?" అని అడిగింది ఎందుకమ్మ.

"అడక్కు," అంది మేడమ్.

అప్పుడు కూలబడింది పిల్ల, లైబ్రరీ మెట్ల మీదే. ఇన్ని రోజులూ ఎక్కడ దాక్కుందో, భయమంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పొద్దున్న షెడ్డు తలుపు దగ్గరనుంచి వెనక్కి తిరిగి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. అలాంటి బండి ఇంకొకటి వచ్చి ఉంటే? ఆ తర్వాత చాలా కాలం ఆమెకు ఆ ఆలోచన వదల్లేదు.

విచారణలో, గాజు ఎవరు మార్చారని అడిగారు. ఎవరూ వేలు చూపించకముందే బాబాయి లేచి నిలబడ్డాడు. "నేనే. ప్రతిసారీ నేనే," అన్నాడు. ఎందుకు మార్చావంటే, "పగిలింది కాబట్టి," అన్నాడు. వాళ్లకు ఆ జవాబు అర్థం కాలేదు. ఆయనను పనిలోంచి పక్కన పెట్టారు. మళ్లీ తీసుకుంటారో లేదో చెప్పలేదు. హాలుకి తాళం పడింది. పరీక్షల ముందు హాలు పోయిందని కొందరు పిల్లలు తిట్టారు కూడా. ఎవరూ చావనప్పుడు అలాగే తిడతారు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పిన్ని పళ్లెం ముందు పెట్టేది, తినమనేది కాదు. బాబాయి పొద్దున్నే అలవాటుగా తయారయ్యేవాడు, గుమ్మందాకా వెళ్లి, గుర్తొచ్చి, తిరిగొచ్చి కూర్చునేవాడు. అది చూసినప్పుడల్లా పిల్ల తలుపు చాటున ఏడ్చేది. తను చేసింది తప్పు కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె బరువు తగ్గదు.

నెలాఖరు ముందురోజు సాయంత్రం, బాబాయి పెరటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్లి కాస్త దూరంగా కూర్చుంది. తిడతాడేమోనని భయం, తిట్టడేమోనని ఇంకా భయం.

"దూలం ఎందుకు జారింది?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"పైన బరువెక్కువై జారిందా? నేల కుంగి గోడ అవతలికి ఒరిగిందా? కట్టినప్పుడే తప్పు కట్టారా? విచారణలో తలా ఒక మాట అన్నారు. నన్ను బయటికి పొమ్మన్నాక ఏం తేల్చుకున్నారో తెలియదు. ఇంక నన్ను ఎవరూ లోపలికి రానివ్వరు." ఆయన తన బొటనవేలి గోరు చూసుకుంటున్నాడు. "ఆ గోడకు ఇన్నేళ్లు సేవ చేశానే. దానికేమైందో తెలియకుండా ఎలా పోను?"

"నాకూ తెలియదు బాబాయ్."

"తెలియకపోతే తెలుసుకో. నేర్చుకుని వచ్చి నాకు చెప్పు."

అది కోపమో, శిక్షో, ప్రేమో ఆమెకు తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. ఆ ప్రశ్నకు జవాబు తనకూ కావాలి. ఇంతవరకు ఏ విభాగం పేరు విన్నా రాని ఆకలి, ఆ క్షణాన కడుపు మెలిపెట్టేంతగా వచ్చింది. దానితోపాటు భయమూ వచ్చింది. రేపు మళ్లీ ఆ షెడ్డు తలుపు నెట్టాలి, ఈసారి అక్కడే ఉండిపోవాలి. తప్పు లెక్క కడితే మనుషుల నెత్తిన పడే చదువది.

"చాలా ఏళ్లు పడుతుందేమో బాబాయ్," అంది.

"పట్టనీ," అన్నాడు ఆయన. "నేనుంటాలే."